ఆరో రెక్క

సెలవు రోజు పొద్దున. భోజనాల బల్ల నిండా అట్టముక్కలు, జిగురు డబ్బా, బట్ట పీలికలు. భార్యాభర్తలు బల్లకు చెరో పక్కన ఉన్నారు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

“బల్ల ఖాళీ చేస్తావా చేయవా అన్నది కాదు ఇప్పుడు.”

“మీరు మొదలుపెట్టింది బల్లతోనేగా? కంచం పెట్టుకోవడానికి చోటు లేదు, మోచెయ్యి జిగురులో పడింది అన్నారు. తుడిచాను. ఇంకేం చెయ్యమంటారు?”

“మోచెయ్యి సంగతి వదిలెయ్. ఇది ఎవరి కోసం చేస్తున్నావు?”

“చెప్పాను కదా. ఆర్డరు.”

“ఎవరి ఆర్డరు?”

“ఒకళ్లది.”

“ఆ ఒకళ్లకి పేరుండదా?”

“ఉంటుంది. నేను చెప్పను. పెట్టెల కంపెనీలో ఇన్నేళ్ల నుంచి నమూనాలు చేస్తున్నాను. ఏ సబ్బుల వాళ్ల పెట్టె కొత్తగా ఎలా రాబోతోందో మీకు ఎప్పుడైనా చెప్పానా? ఇదీ అంతే.”

“సబ్బుపెట్టె వేరు. సబ్బుపెట్టె మీద నా కూతురి ఫోటో ఉండదు, నా ఫోటో ఉండదు. అమ్మా, నువ్వు చూశావా దీన్ని?”

“చూశాన్రా. ఫోటోల స్టాండు. బాగానే ఉంది.”

“దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరికొచ్చి చూడు.”

“దగ్గరికొస్తే మాత్రం నాకేం కనపడుతుంది? కొత్త కళ్లజోడు వచ్చే వారం ఇస్తానన్నావు. పోయిన వారం కూడా అదే అన్నావు. ఊళ్లో జనమందరికీ కళ్లజోళ్లు పెడతావు.”

“అద్దాలు రావాలమ్మా, నా చేతిలో ఉందా? మాట మార్చకు. ఇలా చూడు. మడిస్తే పుస్తకమంత ఉంది. విప్పితే బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేస్తోంది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే దానికి మడతలెందుకు? మేకు కొట్టి గోడకి తగిలించుకోవచ్చుగా?”

“గోడకి తగిలించుకునేవాళ్లు మామూలు ఫ్రేము కొనుక్కుంటారండీ. మడతది కావాలన్నవాళ్లకి మడతది చేస్తాను. ఇంకా ఫోటోలు వస్తే పెంచుకునేలా ఉండాలన్నారు. అదే కష్టమైంది. చూడండి, ఈ చివరి రెక్క అంచున సందు వదిలాను. కొత్త జత రెక్కలకి బట్టతో ఒక నాలుక ఉంటుంది, అది ఈ సందులోకి దూరుతుంది. పైకి అతుకు కనపడదు.”

“చాలా బాగుంది. అయితే మన ఇంటి ఫోటోలెందుకు ఇందులో?”

“నమూనాకి. వట్టి అట్ట పెట్టి చూస్తే మందం తెలీదు. ఫోటో, దాని మీద ప్లాస్టిక్ కాగితం, అన్నీ కలిపి మూస్తేగాని మడత దగ్గర ఎంత జాగా వదలాలో తేలదు. మొదట చేసిన దాన్ని చూశారుగా, మూసినా కప్ప నోరు తెరుచుకున్నట్టు తెరుచుకునే ఉంది.”

“సరే. ఇంట్లో ఏది దొరికితే అది పెట్టావు.”

“అవును.”

“బీరువాలో పైనే ఉంటుంది మన పెళ్లి ఫోటో. అది దొరకలేదా?”

“పట్టలేదు.”

“ఎందుకు పట్టదు?”

“అది అడ్డంగా ఉంటుంది. ఇవన్నీ నిలువు.”

“నిలువుది కూడా ఒకటుంది మనిద్దరిదీ. నాకు తెలుసు, నేనే కడిగించాను. అది వదిలేసి నన్నొక దాంట్లో పెట్టావు, అదీ పళ్లూడినప్పటిది, బడి యూనిఫారంలో. నువ్వు వేరే రెక్కలో, ఒక్కదానివే, నవ్వుతూ. పాప ఒక దాంట్లో. అక్క ఒక దాంట్లో. మేనల్లుడు ఒక దాంట్లో. నాన్న లేడు. అమ్మ లేదు.”

“నేనెందుకురా అందులో?”

“ఎందుకంటావేంటమ్మా? ఇంట్లో అందరూ ఉండి నువ్వెందుకు లేవు? నాన్న ఎందుకు లేడు? మనిద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ ఎందుకు లేదు? దీన్ని ఎవరు తెరిచి చూస్తారో వాళ్లకి మనిద్దరం మొగుడూ పెళ్లాం అని తెలియకూడదు. అంతే కదా?”

“అంత దూరం ఎలా వెళ్లారండీ, బల్ల దగ్గర కూర్చుని?”

“నేను వెళ్లలేదు. నువ్వు తీసుకెళ్తున్నావు. ఐదు ఫోటోలున్నాయి. రెక్కలు ఆరున్నాయి. ఆరోది ఎవరికి?”

“ఎవరికీ కాదు. రెక్కలు సరి సంఖ్యలో ఉండాలి. ఇలా ఇవ్వండి చూపిస్తాను. ఒకటీ రెండూ ఎదురెదురుగా మూసుకున్నాయి. మూడూ నాలుగూ ఎదురెదురుగా మూసుకున్నాయి. ఐదోది ఒంటరిగా మిగిలితే దాని మొహం బయటికి ఉంటుంది. బ్యాగులో రాసుకుని గీతలు పడతాయి. దానికి ఎదురుగా మూయడానికి ఆరోది కావాలి. మూత అనుకోండి.”

“బ్యాగులోనా?”

“ఎక్కడైనా.”

“బ్యాగు అన్నావు. సరే, మూతే. మరి మూతకి నాలుగు మూలలా ఈ జేబులెందుకు? ఫోటో దూర్చుకునే జేబులు. మిగతా ఐదింటికీ ఎలా కుట్టావో దీనికీ అలాగే కుట్టావు. దేన్ని దూర్చడానికి?”

“అలా కావాలన్నారు.”

“ఎవరు?”

“ఆర్డరిచ్చినవాళ్లు.”

“అందులో ఏ ఫోటో పెట్టుకుంటారట?”

“నాకు తెలీదు.”

“నీకు తెలీదు.”

“నిజంగా తెలీదండీ. ఖాళీగా వదలమన్నారు, వదిలాను.”

“ఒరేయ్, వదిలెయ్‌రా. ఏదో ఆర్డరంటోందిగా. పొద్దున్నే ఏంటిది?”

“నువ్వుండమ్మా. నీకు తెలియదు. నేను చూసిందంతా చెప్పలేదింకా. ఈ కొలత ఎక్కడిదో చెప్పనా? అటక మీద నీలం సూట్‌కేసు ఉంది కదా, ఈవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని మూతలో జిప్పు ఉన్న అర ఒకటుంది. దీన్ని మడిస్తే సరిగ్గా ఆ అరలో పడుతుంది. అటూ ఇటూ వేలు కూడా దూరదు.”

“మీకెలా తెలుసు?”

“స్కేలు పెట్టి చూశాను.”

“అటకెక్కి స్కేలు పెట్టి చూశారా?”

“చూశాను. సూట్‌కేసు మీద దుమ్ము కూడా లేదు. ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు. నువ్వే కదా ఎప్పుడూ అంటుంటావు, వస్తువు ఎక్కడ ఉండబోతోందో తెలియకుండా అట్టకి కత్తి పెట్టనని? చెప్పు మరి. ఇది ఎక్కడ ఉండబోతోంది?”

“ఆ జిగురు డబ్బా ఇలా ఇవ్వండి, ఆరిపోతోంది.”

“జిగురు తర్వాత. పోనీ ఇంకోటి అడుగుతాను. నిన్న పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నీ ఫోను మోగింది. ఎత్తాను.”

“ఎవరు?”

“మగ గొంతు. నేను హలో అనేలోపే ‘మడత సరిగ్గా పడుతోందా, ఆరోది కుదిరిందా’ అన్నాడు. ఎవరండీ మాట్లాడేది అన్నాను. పెట్టేశాడు.”

“మగవాళ్లా? నా ఫోన్లోనా?”

“ఎంత బాగా ఆశ్చర్యపోతున్నావు. ఆ నంబరు నీ ఫోన్లో వెనక్కి తిరగేసి చూశాను. వారంలో చాలాసార్లుంది. మధ్యాహ్నాలు, నేను షాపులో ఉండే వేళల్లో. ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట. పేరు పెట్టలేదు, ఒట్టి నంబరే. ఎవరతను?”

“నాకు తెలీదు.”

“నీ ఫోను. నీ సూట్‌కేసు. నువ్వు చేసిన స్టాండు. నీకే ఏమీ తెలీదు.”

“నేను ఒకళ్లకి మాటిచ్చాను. అంతవరకే చెప్పగలను.”

“అతనికా మాటిచ్చింది?”

“కాదు.”

“మరి ఎవరికి? సరే, నాకు చెప్పొద్దు. అక్కకి ఫోన్ చేశాను, డ్యూటీ దిగి ఇటే వస్తోంది. రైల్లో టికెట్ లేనివాళ్లు ఎన్ని కథలు చెప్పినా దాని దగ్గర సాగవు. దాని ముందు చెప్పు. అప్పటికీ చెప్పకపోతే, బట్టలు సర్దుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్లు. కొన్నాళ్లు అక్కడే ఉండు. పాపకి కాలేజీ ఉంది, ఇక్కడ ఉంటుంది.”

“పాప ఇక్కడా?”

“ఇక్కడే.”

“అత్తయ్యా, విన్నారా?”

“ఆ... వాడేదో కోపంలో అంటున్నాడు. నీళ్లు కాగుతున్నాయేమో, చూసి వస్తాను ఉండు.”

వంటగది. కుళాయి తిప్పి ఉంది. అత్తా కోడలూ మాత్రమే ఉన్నారు.

“కుళాయి కట్టకు. పారనీ.”

“నీళ్లు వృథా అత్తయ్యా.”

“కాసేపు పోనీ. వాడివి పాము చెవులు.”

“నీళ్లు కాగుతున్నాయన్నారు. పొయ్యే వెలగలేదిక్కడ.”

“తెలుసు.”

“ఎవరాయన?”

“ఏ ఆయన?”

“నా ఫోన్లో మాట్లాడే ఆయన. నేను పనికెళ్లేప్పుడు ఫోను మీ చేతికిచ్చి వెళ్తున్నాను. మీ ఫోన్లో అవతలి మాట వినపడట్లేదంటే ఇచ్చాను. మీ తమ్ముడితో మాట్లాడుకుంటానన్నారు.”

“తమ్ముడితోనూ మాట్లాడాను.”

“అత్తయ్యా.”

“ఒకసారి మాట్లాడాను.”

“నాకొకటి చేసిపెట్టు, ఎవరికీ చెప్పకు, బయటి ఆర్డరులాగే అనుకో అన్నారు. సరే అన్నాను. ఫోటోలు మీరే ఏరి ఇచ్చారు. నీ సూట్‌కేసు నాకిస్తావా అన్నారు. ఇచ్చాను. ఎక్కడికెళ్తున్నారని ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసా?”

“నీకు మర్యాద ఎక్కువ.”

“మర్యాద కాదు, భయం. నా వల్లే వెళ్లిపోతున్నానని చెప్తారేమోనని.”

“నీ వల్లా? పిచ్చిమొహమా. నీ వల్ల వెళ్లేదాన్నైతే నీ చేత స్టాండు చేయించుకుంటానా?”

“మరి ఎవరి వల్ల?”

“ఒకళ్ల వల్లే వెళ్లాలా మనిషి? తనంతట తను వెళ్లకూడదా?”

“వెళ్లొచ్చు. వెళ్తున్నవాళ్లు చెప్పి వెళ్లొచ్చు. ఇందాక మీ అబ్బాయి నన్ను పుట్టింటికి పొమ్మన్నారు. పాపని నా దగ్గర నుంచి తీసేసుకుంటానన్నారు. మీరు విన్నారు. విని కిటికీలోంచి బయటికి చూశారు.”

“చూశాను.”

“అక్కడ ఏముందని చూశారు?”

“ఏమీ లేదు. ఎదురింటివాళ్ల తాళం వేసిన గేటు.”

“నేను చెప్పేస్తాను. మీరు ఏమనుకున్నా సరే.”

“ఏం చెప్తావు? నీకు తెలిసింది సగమే. సగం చెప్తే మిగతా సగం వాడే అల్లుకుంటాడు. అమ్మని నువ్వే చాటుగా సాగనంపుతున్నావంటాడు. సూట్‌కేసు నీదేగా అంటాడు. నీ మీదున్న అనుమానం పోదు, ఇంకోటి చేరుతుంది.”

“అది కూడా ఆలోచించి పెట్టుకున్నారా?”

“లేదమ్మా. ఇప్పుడే తోచింది. ఇంకొన్నాళ్లు ఆగగలిగితే నేనే చెప్పేదాన్ని. ఆయన... అక్కడ ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు. అది అయ్యాక చెబుదామనుకున్నాను.”

“ఆయన అన్నారు.”

“ఇంటివాళ్లు అన్నాను.”

“ఆయన అన్నారు, నేను విన్నాను. ఆరో రెక్క ఎవరికి? ఇంకా పెంచుకునేలా ఉండాలని ఎందుకన్నారు? ఆ రెండూ చెప్పండి చాలు, మిగతాది నేను భరిస్తాను.”

“మనుషులు పెరుగుతారు కదమ్మా, అందుకని.”

“ఇది జవాబు కాదు.”

“కాదు. తలుపు చప్పుడైంది, మీ వదినే అయ్యుంటుంది. కుళాయి కట్టెయ్.”

మళ్లీ భోజనాల బల్ల. ఇంటి ఆడపడుచు డ్యూటీ కోటు విప్పకుండానే కూర్చుంది.

“ఇదేనా నువ్వు ఫోన్లో చెప్పింది? ఇంతోటి దానికి నన్ను తిండి కూడా తిననివ్వకుండా పిలిచావా, తమ్ముడూ?”

“ముందు చూడక్కా. విప్పి చూడు.”

“చూస్తున్నా. బాగా చేశావు అమ్మాయ్. గుడ్డ ఎంత మెత్తగా ఉందో. ఇది నేనేనా? అబ్బ, ఎంత లావుగా ఉన్నాను. ఇది తప్ప నాది ఇంకో ఫోటో దొరకలేదా నీకు?”

“నేను ఏరలేదు వదినా.”

“ఇందాకేగా ఇంట్లో ఏది దొరికితే అది పెట్టానన్నావు? ఇప్పుడు నువ్వు ఏరలేదా? విన్నావా అక్కా?”

“విన్నాను. నువ్వు కాస్త ఊరుకో. నీకు అనుమానం ఏంటి, ఆధారం ఏంటి, రెండూ కలగాపులగం చెయ్యకుండా చెప్పు.”

“అనుమానం నీకు తెలుసు. మళ్లీ నా నోటితో చెప్పించకు, పాప పక్క గదిలో ఉంది. ఆధారం అంటే, ఈ స్టాండు సూట్‌కేసు కొలతకి చేసింది. అందులో మేమిద్దరం కలిసి ఉన్న ఫోటో లేదు. ఒక రెక్క ఖాళీగా ఉంచింది. ఒక మగాడు ఫోన్ చేసి ఆ ఖాళీ రెక్క గురించి అడిగాడు. ఆ నంబరుతో వారంలో చాలాసార్లు, మధ్యాహ్నాలు, ముప్పావుగంట దాకా మాటలున్నాయి.”

“అమ్మాయ్, నువ్వేమంటావు?”

“సూట్‌కేసు కొలత నిజమే. రెక్క ఖాళీ నిజమే. ఆ ఫోన్లు నావి కావు.”

“ఎవరివి?”

“చెప్పలేను వదినా.”

“చూశావా? పొద్దుట నుంచీ ఇదే.”

“అమ్మా, నువ్వేంటి అక్కడ గుమ్మంలో నించున్నావు? వచ్చి కూర్చో.”

“ఇక్కడ గాలి వస్తోంది. ఉండనీ.”

“సరే. తమ్ముడూ, మధ్యాహ్నాలంటే భోజనాలయ్యాక కదా? అప్పుడు నువ్వెక్కడుంటావు?”

“షాపులో. నీకు తెలీదా?”

“అడిగినదానికి చెప్పు. పాప?”

“కాలేజీలో.”

“ఈ అమ్మాయి?”

“కంపెనీలో. అక్కడి నుంచే మాట్లాడుతుంది.”

“అమ్మాయ్, పోయిన ఏడాది మా అబ్బాయికి జ్వరమొచ్చి నీకు ఫోన్ చేస్తే అస్సలు దొరకలేదు. మా నమూనాల గదిలోకి ఫోన్లు రానివ్వరు, ఎవరైనా కొత్త పెట్టె ఫోటో తీస్తారని భయం అన్నావు. ఇప్పుడు రానిస్తున్నారా?”

“రానివ్వరు.”

“గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్తుందక్కా. మధ్యలో బయటికొచ్చి మాట్లాడుతుంది.”

“ముప్పావుగంటా? పని వదిలేసి, గేటు దగ్గర నిలబడి, రోజు మార్చి రోజు? వాళ్లు ఊరుకుంటారా? అమ్మాయ్, ఫోను గేటు దగ్గరే ఇస్తున్నావా?”

“వదినా, దయచేసి ఆ ఒక్కటీ అడగకండి.”

“అంటే అక్కడ ఇవ్వట్లేదు. ఇంట్లో పెట్టి వెళ్తున్నావా?”

“అడగొద్దన్నాను.”

“నేను అడగకుండా ఎలా ఉంటాను? ఈ అనుమానం ఇలాగే ఉండిపోతే పాప ఏమవుతుంది? ఇంట్లోనే పెట్టి వెళ్తున్నావు. అయితే మధ్యాహ్నం ఇంట్లో ఉండేది...”

“పెద్దదానా, చాలు. దాన్ని వదిలెయ్.”

“అమ్మా?”

“దాన్ని ఇంకేమీ అడక్కు. అడగాల్సింది నన్ను. ఆ స్టాండు నాది.”

“నీదేంటి?”

“నేను చేయించుకున్నాను. కొలత నేనిచ్చాను. సూట్‌కేసు నేనడిగి తీసుకున్నాను, అటకెక్కి తుడిచింది కూడా నేనే. ఫోన్లో మాట్లాడింది నేను. ఎవరికీ చెప్పకని దాని దగ్గర మాట తీసుకున్నాను. అది తిట్లు తిని కూడా మాట తప్పలేదు. తప్పినా నేనేమీ అనేదాన్ని కాదు.”

“అమ్మా, దీన్ని కాపాడటానికి...”

“కాపాడేదాన్నైతే పొద్దున్నే నోరు విప్పేదాన్నిరా. అది చెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను. నలభై ఏళ్లు ఆపరేషన్ గదిలో నర్సుగా చేశాను, ఎప్పుడూ జంకలేదు. నా కడుపున పుట్టినవాడి ముందు నోరు తెరవడానికి జంకాను. ముందు నువ్వు ఆ పుట్టింటి మాట వెనక్కి తీసుకో.”

“పుట్టింటి మాటేంటి? ఏమన్నావురా దీన్ని?”

“ఏం లేదక్కా. ఏదో కోపంలో...”

“కోపంలో కాదు వదినా. నిదానంగానే అన్నారు. పాపని ఉంచేసుకుని నన్ను వెళ్లమన్నారు.”

“సిగ్గులేదట్రా నీకు?”

“నాకు తెలిస్తే అంటానా? ఎవరూ ఏమీ చెప్పరు, అందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు. సరే. తప్పే. ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

“నా వైపు చూసి అనండి.”

“తప్పే. నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.”

“వెళ్లాలో అక్కర్లేదో తర్వాత నేను ఆలోచించుకుంటాను. మీరు చెప్పండి అత్తయ్యా. ఇక నాకు మాట అడ్డం లేదుగా?”

“లేదు. పాపని పిలువు.”

“పాప ఎందుకమ్మా? పరీక్షలు దానికి.”

“పిలువు. ఇంట్లో అందరూ ఉండగా ఒక్కసారే చెప్తాను. ఒక్కొక్కళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.”

“ఉన్నాను నాన్నమ్మా. ఎప్పటి నుంచో గుమ్మం అవతలే ఉన్నాను.”

“అయితే లోపలికొచ్చి కూర్చో. మీ అమ్మ పక్కన కూర్చో.”

“సూట్‌కేసు అడిగి తీసుకున్నావంటే, అక్క ఇంటికి వెళ్తున్నావా అమ్మా? అదేనా?”

“నా ఇంటికా? నాకు తెలీదే. నువ్వు అమ్మని ఏమన్నావు, ఇల్లు వదిలి వెళ్లేంత మాట?”

“నేనా? నువ్వే చాటుగా రమ్మని ఉంటావు. మేనల్లుణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలని పోయిన నెలలో అనలేదూ?”

“అన్నాను, ఆయాని పెట్టుకుంటానన్నాను. అమ్మని ఆయా చేస్తానా? నువ్వు ఆమెకి ఒక కళ్లజోడు ఇవ్వడానికి నెల తిప్పావు. ఫోను పాడైతే బాగు చేయించలేదు. అందుకే వెళ్తోందేమో.”

“అదిగో, కళ్లజోడు నీ దాకా వచ్చిందన్నమాట. అమ్మ నీకు అన్నీ చేరవేస్తోంది.”

“మీ ఇద్దరూ కాసేపు ఆపుతారా? మీ ఇద్దరిళ్లకీ కాదు నేను వెళ్లేది. ఎవరి మీదా కోపంతో కూడా కాదు.”

“మరి ఎక్కడికి?”

“నేను పనిచేసిన ఆసుపత్రిలో మందుల గదిలో ఒక కాంపౌండరు ఉండేవాడు, గుర్తుందా?”

“ఆ పొడుగాయనా? మేము బడి నుంచి నీ కోసం వస్తే గాజు సీసాలు కడిగి ఆడుకోవడానికిచ్చేవాడు.”

“ఆయనే. రిటైరయ్యాక కొండ పక్క ఊళ్లో మందుల షాపు పెట్టుకున్నాడు. భార్య పోయి చాలా కాలమైంది. పోయినేడు మా పాత నర్సులంతా కలిసినప్పుడు వచ్చాడు. అప్పటి నుంచి మాట్లాడుకుంటున్నాం. నిన్న ఫోన్ చేసింది ఆయనే. నీ గొంతు విని కంగారుపడి పెట్టేశాడు. ఆ తర్వాత నాకు చెప్పి చాలా బాధపడ్డాడు.”

“స్టాండు గురించి ఆయనకెందుకు?”

“మడతలు సరిగ్గా పడట్లేదని నేనే చెప్పాను. కోడలు కష్టపడుతోందన్నాను. రోజూ అడుగుతాడు పాపం, ఏమైందని.”

“మరి నాన్న ఫోటో ఎందుకు పెట్టలేదు నువ్వు?”

“మీ నాన్న ఆ గోడ మీదే ఉంటాడు. ఆయనకి ప్రయాణాలు పడవు. పక్క ఊరికి పెళ్లికెళ్లినా, భోజనం కాగానే ఇంటికి పోదాం ఇంటికి పోదాం అనేవాడు. ఈ ఇల్లు ఆయన కట్టుకున్నది. ఆయన్ని ఇక్కడి నుంచి పెట్టెలో పెట్టి తీసుకెళ్లే హక్కు నాకు లేదు.”

“మా పెళ్లి ఫోటో?”

“అందులో నువ్వు మొహం ముడుచుకుని ఉన్నావు, అది నేల చూస్తోంది. అక్కడ మీరు గుర్తొచ్చినప్పుడు నేను చూసుకోవాల్సింది అదా? నాకు ఒక్కొక్కళ్ల మొహం కావాలి. నువ్వు పళ్లూడిపోయి నవ్విన రోజు నాకు బాగా గుర్తు. కోడలు కంపెనీ గేటు బయట నవ్విన ఫోటో దాని స్నేహితురాలి దగ్గర అడిగి తెప్పించుకున్నాను.”

“అందుకా నా ఫోటో నాకే తెలియనిది మీ దగ్గరుంది. దొంగతనంగా తీసినట్టుందని రెండు రోజులు నిద్ర పట్టలేదు నాకు.”

“నీకూ నా మీద అనుమానమేనన్నమాట.”

“ఉండదా అత్తయ్యా? మీరు ఒక్కటీ సూటిగా చెప్పలేదు.”

“నిజమే. ఇప్పుడు చెప్తున్నాను.”

“ఆగమ్మా, నాకర్థమైంది. మందుల షాపు, ఆయనకి వయసైపోయింది, తెలిసిన నర్సు ఉంటే సాయంగా ఉంటుందని ఉద్యోగానికి రమ్మన్నాడు. అంతే కదా? ఈ వయసులో నీకు ఉద్యోగమెందుకమ్మా? మేం చూసుకోవట్లేదా? ఉండటానికి గది కూడా ఇస్తానన్నాడా?”

“తమ్ముడూ, నువ్వు కాసేపు మాట్లాడకు.”

“ఏంటక్కా, నీకేమర్థమైంది?”

“అత్తయ్యా, ఆరో రెక్కలో పెట్టేది...”

“ఆయన ఫోటోనే అమ్మా, ఆయన వైపు వాళ్లవీ చేరతాయని పెంచుకునేలా చెయ్యమన్నాను. ముందే నీతో చెప్పాల్సింది.”

“ఆయన ఫోటో నీ స్టాండులో ఎందుకు? ఉద్యోగమిచ్చినవాళ్ల ఫోటో ఎవరైనా...”

“ఉద్యోగం కాదు నాన్నా, పెళ్లి. వచ్చే నెలలో, రిజిస్టరు ఆఫీసులో. మీరందరూ వస్తే నాకు సంతోషం. రాకపోయినా నేను వెళ్తాను.”